పిండి నడిచిన బీరువా

పళ్ల డాక్టరు మేడ మెట్లు దిగి వచ్చింది నాలుగు మాటలు మెల్లగా చెప్పి వెళ్లిపోదామనే. తెల్లకోటు ఒంటి మీదే ఉంది. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చుట్టల కొట్టు గడప లోపలికి ఒక కాలు పెట్టి, "ఏమండీ, చిన్న మాట" అన్నాడు.

చుట్టల వదిన గల్లాపెట్టె వెనక నుంచి లేచింది. చెరో చేత్తో చెరో కుర్చీ పట్టుకుని, ఆయన్ని దాటుకుని వెళ్లి, రెండూ కాలిబాట మీద ఎదురెదురుగా వేసింది.

"చిన్న మాటైనా పెద్ద మాటైనా బయటే, డాక్టరు గారూ. నా కొట్టులో గుసగుసలు అమ్మం. కూర్చోండి. కాస్త గట్టిగా చెప్పండి, వెనకవాళ్లకి కూడా వినపడాలి."

వెనకవాళ్లు అప్పటికింకా ఎవరూ లేరు. ఆ మాట విని వచ్చారు. పక్క వాటాలో మిషను తొక్కుతున్న మిషనక్క కూడా చొక్కా చెయ్యి సగంలో వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తగువు చూడ్డానికి చదువెందుకు, కళ్లుంటే చాలు.

"మీ చుట్టల పొగ వాసన మా క్లినిక్‌లోకి వస్తోందండీ. పేషెంటు నోరు తెరిస్తే చాలు, ఆ వాసన లోపలికి పోతోంది" అన్నాడు డాక్టరు.

"తెరవమనేది మీరే కదా. కాసేపు మూసుకోమనండి."

జనం నవ్వారు. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వులాట కాదండీ ఇది."

"నేనూ నవ్వట్లేదు. మా కొట్టులో అమ్ముతామే గాని అగ్గిపుల్ల గియ్యనివ్వం. మరి పొగ ఎక్కడిది? నిప్పు లేనిదే పొగ రాదంటారు. పదండి, నిప్పెక్కడుందో చూసొద్దాం."

అని కొంగు నడుముకి దోపి, వెనక మెట్ల దారి పట్టింది. వెనక డాక్టరు, డాక్టరు వెనక వీధి. మేడ మెట్ల మలుపులో, కిటికీ కింద, దూది పెట్టుకునే రేకు డబ్బా ఒకటి కనపడింది. డబ్బా నిండా బూడిద. పైన చుట్ట ముక్క, ఇంకా వెచ్చగా. డబ్బా మీద క్లినిక్ పేరు రాసి ఉంది. క్లినిక్‌లో ఉండేది డాక్టరు, నర్సమ్మ. నర్సమ్మకి ఉబ్బసం.

 వదిన ఆ ముక్క తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి పెదవి విరిచింది.

"ఇది మా కొట్టుది కాదు. నాసిరకం. ఇంట్లో ఆవిడకి తెలియకుండా, ఇంత కష్టపడి మెట్ల మలుపులో కూర్చుని, నాసిరకం కాలుస్తారా డాక్టరు గారూ? రేపు రండి, మంచిదిస్తాను."

మర్నాడు వచ్చాడు. ఆ తర్వాత ఆమె చుట్టల బీరువాలో ఆయనకో సొంత అర, దానికో తాళంచెవి. తగువు గెలవడమంటే అదీ. ఓడినవాణ్ణి ఇంటికి పంపించడం ఎవరైనా చేస్తారు. గిరాకీ చేసుకోవడం వదినకే చెల్లింది.

"గొడవంటూ పడితే గడప బయటే పడాలి, అక్కా" అంది ఆ రోజు మిషనక్కతో. "లోపల గొణిగిన మాట బూజు పడుతుంది."

ఆమె వీధికంతటికీ వదిన. ఆమెకంటే పెద్దదైన మిషనక్కకి కూడా వదినే. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు చుట్ట అంటే ముక్కు మూసుకునేదట. భర్త ఉన్నన్నాళ్లూ గల్లా దగ్గర కూర్చునే పని కూడా పడలేదు. అతను ఓ పూట గుండె పట్టుకుని కొట్టు మధ్యలో కూలబడి మరి లేవలేదు. దినాలు కాగానే ఆమె వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. ఆడది చుట్టలమ్మడమేమిటని అన్నవాళ్లున్నారు. "కాల్చేది మీరు, దగ్గేది మీరు. మధ్యలో నేనెవరైతే మీకేం?" అంది. అన్నవాళ్లే కొనుక్కుని వెళ్లారు.

పని నేర్చుకుంది. చుట్టని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చెవి దగ్గర పెట్టి మెల్లగా నొక్కేది. ఎండిపోతే గలగలమంటుంది, మరీ తడిస్తే మూగగా ఉంటుంది, సరిగ్గా ఉంటే కొత్త చెప్పులా చిన్నగా మూలుగుతుంది. నోట మాట్లాడే మనుషులకంటే ఇవి నయం, అబద్ధమాడవు అనేది.

ఆ కొట్టుకి ప్రాణం తడి బీరువా. గోడ పొడవునా నిలబడ్డ దేవదారు చెక్క బీరువా అది. దాన్ని చేసింది మామగారే, వయసులో ఉన్నప్పుడు, సొంత చేతులతో. చుట్ట ఎండకూడదు, నానకూడదు. అందుకని అడుగున ఓ రేకు తొట్టి, దాంట్లో బ్యాటరీలకి పోసే నీళ్లు, పైన చిల్లుల మూత. ఆ చెమ్మ పైకి లేచి అరలన్నిటికీ అందుతుంది. ఊళ్లో మంచి చుట్ట కొనుక్కునే పెద్దమనుషులు అక్కడ తలా ఓ అర పెట్టుకుని, వాళ్ల చుట్టలు వాళ్లు దాచుకునేవారు. అరలు, గల్లా, కొనడం, అమ్మడం అంతా వదిన చెయ్యి. తొట్టి మాత్రం మామగారిది. పెద్దాయన మూత తీసి పోస్తే పోసినట్టు, లేకపోతే లేనట్టు. కొడుకు కూడా ఏనాడూ ఆ మూత ముట్టుకోలేదు. కోడలూ ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే ఆ ఇంట్లో మర్యాద. చివరికి కొంప ముంచింది కూడా ఆ మర్యాదే.

ఆ ఏడాది చుట్టలు కాస్త మెత్తబడుతున్నాయని వదినకి తెలుసు. ముసురు కాలం కదా అనుకుంది. పెద్దాయన రెండుసార్లు మిషనక్క దగ్గరికి వచ్చి, ఒంటి మీదున్న చొక్కాని చూపించి, "ఇదెప్పుడిస్తావమ్మా?" అని అడిగాడు. ముసలాయన వేళాకోళమాడుతున్నాడని మిషనక్క నవ్వింది. అదీ ఇదీ కలిపి చూసే తెలివి అప్పుడు ఎవరికీ లేదు. తర్వాత అందరికీ వస్తుంది, ఏం లాభం.

ఒకరోజు పొద్దున్నే వదిన పక్క గోడ మీద తట్టింది.

"అక్కా, నీ భూతద్దం పట్టుకుని రా."

సూదిలో దారం ఎక్కించడానికి మిషనక్క దగ్గర ఓ భూతద్దం ఉండేది. పట్టుకుని వెళ్లింది. వదిన ఓ అర బయటికి లాగి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. చుట్టల మీద, కాగితపు పట్టీల మీద తెల్లగా పొడి రాలి ఉంది, జల్లెడ పట్టిన పిండిలా.

"బూజేమో వదినా."

"నేనూ అదే అనుకుని ఊదాను. ఊదితే ఎగరాలి కదా. ఇది పక్కకి తప్పుకుంది."

మిషనక్క అద్దం పెట్టి చూసింది. ఒళ్లు జలదరించింది. పిండి నడుస్తోంది. ఒక్కో రవ్వకీ కాళ్లు. ఏదో సంతకి ఆలస్యమైనట్టు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, చుట్ట ఈ కొస నుంచి ఆ కొసకి.

"చుట్ట తినే పురుగా ఇది?"

"చుట్టకి కన్నం పెట్టేది వేరే ఉందిలే. ఇవి తేమకి పట్టే బూజుని తింటాయి. చుట్ట జోలికి రావు. కాని కొన్నవాడికి ఆ తేడా చెప్పు చూద్దాం! వాడికి పురుగు పురుగే."

మరో అర లాగారు. అందులోనూ అదే. పై అరలో తక్కువ, కిందికొచ్చేకొద్దీ ఎక్కువ. వదిన ముఖంలో మిషనక్క మొదటిసారి భయం చూసింది. పురుగుకి భయపడే మనిషి కాదామె. ఆమె భయం వేరు. కొట్టూ ఇల్లూ పెద్దాయన పేరున ఉన్నాయి. ఆయన మాట చెల్లినన్నాళ్లే కోడలికి అక్కడ చోటు. కొట్టు నడవట్లేదనో, తండ్రికి మతి సరిగా లేదనో చూపించి, ఆయన్ని ముసలివాళ్లని చూసే హోములో చేర్చి, ఈ చోటు ఫోన్లమ్ముకునేవాళ్లకి అప్పజెప్పాలని కాచుకుని కూర్చున్నాడు ఆమె మరిది.

వీధంతా ఆమెకి మరుదులే. సొంత మరిది ఒక్కడే, ఆ ఒక్కడూ చాలు. పిలిచినట్టు ఆ రోజే వచ్చాడు. గోరుచుట్టు మీద రోకలిపోటని ఊరికే అన్నారా!

అర చూశాడు. కళ్లు పెద్దవి చేశాడు. వెంటనే బయటికి వెళ్లి, పురుగుల మందు డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు.

"షట్టరు దించు వదినా. నాలుగు మూలలా కొట్టి మూసేద్దాం. రేప్పొద్దున కొత్తగా కనపడుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నోట్లో పెట్టుకునే వస్తువు మీద మందు కొడతావా?"

"పీల్చి వదిలేదే కదా!"

"సరే. ముందు నువ్వొకటి పీల్చి వదులు. వదిలాక మళ్లీ పీలిస్తే అప్పుడు కొడదాం."

"నీ నోరే నీకు శత్రువు వదినా. పురుగు పడిందని బయటికి పొక్కిందా, ఒక్కడు గడప తొక్కడు. నాన్న పరువు పోతుంది."

"పరువు అరల్లో లేదు, అబ్బాయ్. ఇటివ్వు."

డబ్బా అతని చేతిలోంచి లాక్కుంది. గుమ్మం దాకా వెళ్లి, రోడ్డు పక్క చెత్తకుండీలోకి గిరాటేసింది. అది వెళ్లి రేకుకి తగిలి ఠంగుమంది. వీధి తల తిప్పింది. మిషనక్కకి అర్థమైపోయింది, ఇక ఇది లోపల ఆగదని. వదిన రెండు కుర్చీలూ తెచ్చి కాలిబాట మీద వేసింది. ఒక కుర్చీలో పురుగు పట్టిన అర పెట్టింది. రెండో దాంట్లో తాను కూర్చుంది.

"మా బీరువాలో పురుగు పడింది!" అంది, కూరలమ్మినంత గొంతుతో. "అరలున్నవాళ్లందరికీ కబురు చెప్పండి. వచ్చి ఎవరి అర వాళ్లు చూసుకోండి. అద్దం కూడా ఉంది, చూడ్డానికి ఏమీ తీసుకోం!"

మరిది తేలు కుట్టినవాడిలా నిలబడిపోయాడు. "నీకు పిచ్చి పట్టింది" అని లోపలికి వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు. పెద్దాయన పేపరు తిప్పుతూ, "ఏంటిరా బయట సందడి, పెళ్లా?" అన్నాడు.

అరలవాళ్లు వచ్చారు. ముందుగా వచ్చింది లాయరు. భూతద్దంలోంచి చూసి, వెనక్కి రెండడుగులు వేశాడు.

"ఇన్నాళ్లూ నేను వీటిని కాల్చానా?"

"కాల్చే ఉంటారు. మనిషిని చంపేంత పురుగు కాదది. అది మీ మీద కోర్టుకి ఎక్కనన్నాళ్లూ మీకేం భయం లేదు."

"నాతో హాస్యాలొద్దు. నా అర నాకు ఇప్పించండి. పురుగుల చుట్టలు కాల్చుకునే ఖర్మ నాకు లేదు."

ఇచ్చేసింది. ఆయన సంచీలో వేసుకుని, సంచీని ఒంటికి తగలకుండా చెయ్యి చాపి పట్టుకుని వెళ్లాడు. ఆయన్ని చూసి ఇంకొందరు అరలు ఖాళీ చేశారు. వదిన ఒక్కణ్ణీ ఆగమనలేదు, ఒక్కణ్ణీ బతిమాలలేదు. తాళంచెవులు మాత్రం వెనక్కి తీసుకుంది.  పోతున్న ప్రతి సంచీ వెనకా మరిది లోపల్నుంచి తొంగి చూస్తున్నాడు.

అప్పుడు దిగాడు పళ్ల డాక్టరు, నోళ్లలోకి చూసే దీపం నుదుటికి కట్టుకుని. ఆ దీపంతో అరలోకి వంగి చాలాసేపు చూశాడు.

"ఏమంటారు డాక్టరు గారూ, పీకెయ్యమంటారా?" అంది వదిన.

"కడిగితే పోతుందనుకుంటాను" అన్నాడాయన ముఖం మార్చకుండా. కోటు విప్పి కుర్చీ వీపుకి వేశాడు. "ఏం చెయ్యాలి?"

ఆ ఒక్క మాటకి వదిన తల పక్కకి తిప్పుకుంది. ఒక్క క్షణమే. తర్వాత పనులు పురమాయించింది.

బీరువా మొత్తం ఖాళీ చేశారు. గడ్డం గీసుకునేటప్పుడు వాడే మెత్తటి కుంచెలు మిషనక్క సంపాదించింది. ఒక్కో చుట్టనీ కొస నుంచి కొసకి దులిపి, కాగితపు పట్టీ కింద కూడా దులిపి, గాలి ఆడని సంచీలో కట్టి, దాని మీద ఇంకో సంచీ తొడిగారు. పురుగు చచ్చినా గుడ్డు చావదు, గుడ్డు చావాలంటే గడ్డకట్టే చలి కావాలి. వీధిలో అంత చలి ఉన్నది ఐస్‌క్రీం కొట్టాయన దగ్గరే.

"అమ్మో, నా ఐస్‌క్రీంకి చుట్ట వాసన పట్టదూ?" అన్నాడాయన ఫ్రీజరు మూత మీద చెయ్యేసి.

"పడితే కొత్త రకమని అమ్ముకో. డాక్టరు గారు రోజూ తింటారు, ఇంట్లో ఆవిడకి కూడా తెలియదు."

"వదినా, నీకు దణ్ణం. ఓ మూల పెట్టుకో. నాలుగు రోజులే."

"ఎన్ని పడితే అన్ని. తీసినప్పుడు గబుక్కున ఎండలో పెట్టకూడదు. ఫ్రీజరులోంచి మామూలు ఫ్రిజ్‌లోకి, అందులోంచి బయటికి, మెల్లగా తేవాలి. తొందరపెడితే పై ఆకు పగులుతుంది. కోడల్ని కాపురానికి తెచ్చుకున్నట్టు తెచ్చుకోవాలి" అంది. వదినని ఎవరూ అలా తెచ్చుకోలేదని మిషనక్కకి తెలుసు.

ఇక బీరువా. నీళ్లతో తుడిస్తే మళ్లీ తడే కాబట్టి, డాక్టరు ఇచ్చిన స్పిరిట్‌లో గుడ్డ ముంచి చెక్కంతా తుడిచారు. సందుల్లో పుల్లకి దూది చుట్టి తుడిచారు. తలుపులు ఊడదీసి గోడకి ఆనించారు. కిందికి వచ్చేసరికి చెక్క ఉబ్బి, అంచుల్లో బూడిద రంగు బూజు కట్టి ఉంది. తొట్టి మూత తియ్యకుండా అడుగు తుడవడం కుదరదు. వదిన చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"మామయ్య తొట్టి కదా" అంది.

"ఇప్పుడా మర్యాదలు?" అంది మిషనక్క.

తీసింది. తొట్టి అంచు దాకా నిండి, పొర్లి, కింది చెక్కలోకి దిగి, చెక్క స్పాంజిలా మెత్తబడిపోయింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

అప్పుడే లోపల్నుంచి పెద్దాయన వచ్చాడు. చేతిలో మూతి ఉన్న చెంబు. ఖాళీ బీరువాని, ఊడదీసిన తలుపుల్ని, ఇద్దరాడవాళ్లనీ దాటుకుని, కిందికి వంగి, నిండిన తొట్టిలో నీళ్లు పోశాడు. నీళ్లు అంచు మీంచి నేల మీదికి పారాయి. బ్యాటరీ నీళ్లు కూడా కావు, కుళాయి నీళ్లవి. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"ఇవాళ ఎవరూ నీళ్లు పొయ్యలేదమ్మాయ్. బీరువా ఎండిపోతోంది" అని చెప్పి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

వాళ్లు నేల తుడవడం పూర్తి కాకముందే మళ్లీ చెంబు పట్టుకుని వచ్చాడు. మళ్లీ పోశాడు. మళ్లీ అదే మాట.

మిషనక్క నోరు తెరవబోయింది. వదిన ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు చాలాసేపు వదల్లేదు.

"అక్కా," అంది చివరికి, గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గించడం మిషనక్క ఎప్పుడూ వినలేదు. "నువ్వేం చూడలేదు."

మర్నాడు మిగిలిన పని చేస్తుండగా డాక్టరు అడుగు చెక్క మీద చెయ్యేసి, "అబ్బో, ఇక్కడ చెరువే ఉంది. ఇన్ని నీళ్లు ఎవరు పోశారు?" అన్నాడు. పాపం ఆయనకేం తెలుసు, చెక్కలో పుచ్చు చూసి అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ మరిది ఆ మాట అందుకున్నాడు.

"అవును, ఎవరు పోశారు? తొట్టి నాన్నది కదా. ఈ ఇంట్లో నాన్న తప్ప ఎవరూ ముట్టుకోరు కదా?"

అప్పటికి అరలవాళ్లు నలుగురైదుగురున్నారు, ఐస్‌క్రీం ఆయన ఉన్నాడు, దారిన పోయేవాళ్లు ఆగారు. పెద్దాయన చెంబు పట్టుకుని మధ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎవరు ఏం అడుగుతున్నారో అర్థంకాక ఒక్కో ముఖం చూస్తూ.

"చెప్పు నాన్నా. నువ్వు పొద్దున్నించి ఎన్నిసార్లు నీళ్లు పోశావు? చెప్పు, అందరూ విననీ" అన్నాడు మరిది.

వదిన చేతిలో గుడ్డ కింద పడేసి లేచింది. నడుచుకుంటూ గడప దాటి కాలిబాట మీదికి వచ్చింది. రోడ్డుకి అవతలవాళ్లకి కూడా వినపడేలా చెప్పింది.

"నేను పోశాను."

మరిది నోరు తెరిచేలోపు మళ్లీ తానే అందుకుంది.

"ముసురుకి చుట్టలు మెత్తబడుతుంటే ఎండిపోతున్నాయనుకున్నాను. బుద్ధి గడ్డి తిని, మామయ్యకి చెప్పకుండా రోజూ తొట్టి నింపాను. పురుగు నావల్ల వచ్చింది. ఇంకెవరివల్లా కాదు. రాసుకోవాల్సినవాళ్లెవరైనా ఉంటే రాసుకోండి."

ఆ నోటి నుంచి 'నావల్ల' అనే మాట వచ్చిందని చెబితే అక్కడ లేనివాడెవడూ నమ్మడు. మిషనక్క చెవులారా వింది కాబట్టి సరిపోయింది.

మరిది నవ్వాడు. "విన్నారుగా? అంతా నాకే తెలుసనే మనిషి..."

మాట పూర్తికాలేదు. పెద్దాయన చెంబు ఠపీమని బల్ల మీద పెట్టాడు. వంగిన నడుము నిటారుగా నిలిచింది. ఎక్కడెక్కడి వయసో తిరిగొచ్చినట్టు గర్జించాడు.

"నా తొట్టి ముట్టుకోవడానికి నువ్వెవరివే? ఈ బీరువా నేను చేశాను! నీళ్లెంత పొయ్యాలో నాకు తెలుసు, నా చేతికి తెలుసు! నా కొడుక్కే ఇవ్వలేదు ఆ పని, నీకిస్తానా? ఇంత బీరువా నాశనం చేశావు కదే!"

 వదిన ఇప్పుడు చెప్పేస్తుంది, ఇప్పుడు అరిచేస్తుంది అనుకుంది మిషనక్క. ఆ వీధిలో ఇంతవరకూ ఆమెని 'ఏమే' అని బాగుపడ్డవాడు లేడు.

వదిన తలవంచుకుంది.

"తప్పయింది మామయ్యా. ఇంకెప్పుడూ ముట్టుకోను."

"ముట్టుకోకు!"

"ముట్టుకోను."

పెద్దాయన మీసం సవరించుకుని కొడుకు వైపు తిరిగాడు. "ఏంట్రా చూస్తున్నావు? కొట్టు అన్నాక తప్పులు జరుగుతాయి. దానికి నేను చెప్పుకుంటాను, నువ్వెవడివి మధ్యలో? వెళ్లు, ఆఫీసుకి టైమైంది."

మతి లేనివాడని సాక్ష్యం తెచ్చుకుందామని వచ్చినవాడు, పదిమందిలో తండ్రి చేత తిట్లు తిని వెళ్లాడు. పోతూ పోతూ, "ఇంకోసారి పురుగు పడితే అప్పుడు చూస్తా" అన్నాడు.

"చూడు," అంది వదిన, తల ఎత్తి. పాత గొంతు వచ్చేసింది. "అద్దం ఇక్కడే ఉంటుంది. ఏదైనా ఎక్కువైతేనే పురుగొస్తుంది, అబ్బాయ్. నీళ్లయినా, నువ్వయినా."

ఆమె జీవితంలో ఓడిన తగువు అదొక్కటే అని వీధి ఇప్పటికీ అనుకుంటుంది. అనుకోనీ. కళ్లున్నవాళ్లందరికీ చూపుండాలని ఏముంది!

తలుపులు తీసిపెట్టి, ఫ్యాను వెయ్యకుండా, నీడలోనే ఆరనిచ్చారు బీరువాని. పుచ్చిన అడుగు చెక్క మాత్రం వదిన మార్పించింది. ఆ పనిలో పనిగా కుళాయిలు బిగించే అతన్ని పిలిపించి, తొట్టి అడుగున ఓ చిల్లు వేయించి, సన్నటి గొట్టం పెట్టించి, గోడలోంచి అవతలికి దింపించింది. అవతల అంటే మిషనక్క వరండా. అక్కడ గొట్టం కింద ఓ బకెట్. పైన చూస్తే పాత తొట్టే, పాత చిల్లుల మూతే. పెద్దాయన పోసిన నీళ్లు గుటగుటమని పోతాయి, చెక్కకి తగలవు. అసలు చెమ్మ ఇచ్చేది పై అరలో ఓ మూలనున్న చిన్న డబ్బా. దాంట్లో స్పాంజి, స్పాంజికి బ్యాటరీ నీళ్లు, అవి వదిన పోస్తుంది.

చుట్టలు చలిలోంచి మెల్లగా బయటికి వచ్చి అరల్లో చేరాయి. చెవి దగ్గర పెట్టుకుని నొక్కితే మళ్లీ కొత్త చెప్పులా మూలిగాయి. తీసుకెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, ఇళ్లల్లో పెట్టినవి ఎండి గలగలమంటుంటే. ఆఖరికి లాయరు కూడా వచ్చాడు. దర్జాగా, ఏమీ జరగనట్టు.

"నా అర..."

"మీ అర ఐస్‌క్రీం ఆయనకిచ్చాను. అన్నిటికంటే కింద ఒకటుంది. కాని వంగాలి."

లాయరు వంగాడు.

ఆ సాయంత్రం మిషనక్క ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుండగా వదిన వరండాలోకి వచ్చి, గొట్టం పక్కన గోడకానుకుని కూర్చుంది. గోడ అవతల పెద్దాయన మూత తీసిన చప్పుడు. నీళ్లు గుటగుటమని దిగి, బకెట్లో సన్నగా పడ్డాయి. 

"ఎన్నాళ్లు వదినా ఇలా?" అంది మిషనక్క. "అబద్ధమాడావు, తిట్లు తిన్నావు. అన్నీ గడప బయటే అనాలంటావే, ఇది మటుకు లోపల పెట్టుకున్నావు."

"ఇది తగువు కాదక్కా, బయట పడెయ్యడానికి" అంది వదిన. "నేను వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నాకు కుర్చీ వేసినవాడు ఆయనొక్కడే. ఆయన కుర్చీలోంచి ఆయన్ని ఎవరూ లేపలేరు. లేపనివ్వను."

గోడ అవతల మళ్లీ మూత చప్పుడైంది. మళ్లీ నీళ్లు. బకెట్ సగానికి వచ్చింది.

వదిన లేచి, కొంగు దులుపుకుని, బకెట్‌ని కాలితో మిషనక్క వైపుకి తోసింది.

"రోజూ ఇది నువ్వే తియ్యి అక్కా. నేను పారబోస్తుంటే, ఎక్కడి నీళ్లని మామయ్య అడుగుతాడు. నీ చేతిలో అయితే ఇస్త్రీ బట్టల మీద చల్లుకోవడానికనుకుంటాడు. ఊరికే పారబొయ్యకు, నిజంగానే చల్లు. ఆయన పోసిన నీళ్లు దేనికో దానికి పనికి రావాలి."